వెతుకు, మార్చు, మళ్లీ మొదలుపెట్టు

2016 అక్టోబరు 11. ఆ రోజు దసరా. ఆనాడు తరిగొప్పుల ఊరు అంగుళం కూడా కదలలేదు. ఇళ్లు ఉన్నచోటే ఉన్నాయి, చేలు ఉన్నచోటే ఉన్నాయి. అయినా ఊరి చిరునామా మారిపోయింది! అంతకు ముందు రోజు దాకా అది "నర్మెట్ట మండలం, వరంగల్ జిల్లా". పండగనాటి నుంచి "తరిగొప్పుల మండలం, జనగామ జిల్లా". పాత వరంగల్ జిల్లాను విడదీసి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి వగైరా కొత్త జిల్లాలు చేశారు. తరిగొప్పుల కొత్తగా మండల కేంద్రం అయింది.

ఊరి పేరు మారితే బోర్డు మీద రంగు వేస్తే సరిపోతుంది. జిల్లా పేరు మారితే మాత్రం చాలా కాగితాలు మారాలి. విద్యార్థుల రిజిస్టర్లు, భూముల పట్టాలు, రేషను కార్డులు, ఓటర్ల జాబితాలు... వేల వరసలు!

మీ బడిలో పిల్లల చిరునామాలన్నీ కంప్యూటరులో టైపు చేసి ఉన్నాయనుకుందాం. ఐదువేల వరసలు ఉన్నాయి. వాటిని సరిదిద్దే పని హెడ్మాస్టరు గారు మీకు అప్పగించారు. ఒక్కొక్క వరస వెతికి, పాత పేరు చెరిపి, కొత్త పేరు కొట్టాలంటే వేళ్లు నొప్పి పుడతాయి. దీనికి ఒక సులువు ఉంది. ఆ సులువు పేరు మాక్రో. చూడటానికి చాలా చిన్నది. కాని దీని వెంట పోతే, ప్రపంచంలోని మహా గణితవేత్తలు కూడా "ఇక్కడ మా వల్ల కాదు" అని చేతులెత్తేసిన చోటికి వెళ్లి చేరతాం. వెళ్దామా మరి?

మాక్రో అంటే ఏమిటి?

కంప్యూటరులో అక్షరాలు టైపు చేసి, దిద్దుకోవడానికి పనికివచ్చే ప్రోగ్రామును ఎడిటరు అంటారు. చాలా ఎడిటర్లలో ఒక సౌకర్యం ఉంటుంది. "నేను ఇప్పుడు నొక్కబోయే మీటలన్నీ గుర్తుపెట్టుకో" అని దానికి చెప్పవచ్చు. ఆ తరవాత మీరు ఒక వరసలో "వరంగల్" అన్న మాట వెతుకుతారు. దాన్ని చెరుపుతారు. "జనగామ" అని కొడతారు. కింది వరసకు దిగుతారు. "ఇక చాలు" అంటారు. ఎడిటరు ఆ మీటల వరసనంతా దాచుకుంటుంది. దానికి మీరు ఒక పేరు పెడతారు. ఇక ఆ పేరు పిలిస్తే చాలు, మీరు చేసిన పనంతా అది మళ్లీ చేస్తుంది. ఇదే మాక్రో.

అసలు కిటుకు ఇప్పుడొస్తుంది. మాక్రో చివర ఇంకొక్క మీట కలపండి. ఆ మీట "ఇదే మాక్రోను మళ్లీ మొదలుపెట్టు" అని చెబుతుంది. అంటే మాక్రో తనను తానే పిలుచుకుంటుందన్న మాట! మొదటి వరస అయిపోగానే రెండోది, రెండోది అయిపోగానే మూడోది. మరి ఎక్కడ ఆగాలి? కొన్ని ఎడిటర్లలో వెతికిన మాట దొరక్కపోతే మాక్రో అక్కడితో ఆగిపోతుంది. అంటే "వరంగల్" అన్న మాట ఉన్నంతసేపూ పని జరుగుతుంది, లేకపోతే ఆగుతుంది.

వెతుకు, మార్చు, మళ్లీ మొదలుపెట్టు, దొరక్కపోతే ఆగు. మన దగ్గర ఉన్న సరంజామా అంతా ఇంతే. దీన్ని జ్ఞాపకం పెట్టుకోండి.

ఈ పద్ధతి నిన్నా మొన్నా పుట్టింది కాదు. డాన్ మర్ఫీ అనే ఆయన 1960ల తొలినాళ్లలో అమెరికాలోని ఎం.ఐ.టి.లో "టెకో" అనే ఎడిటరు రాశాడు. అప్పట్లో ప్రోగ్రాములను కాగితం రీళ్ల మీద చిల్లులుగా పొడిచేవారు. ఆ చిల్లుల తప్పులు దిద్దడానికి పుట్టిందే టెకో. దానికి జనం మాక్రోలు రాసి రాసి పెద్ద మూట చేశారు. రిచర్డ్ స్టాల్మన్, గై స్టీల్ 1976లో ఆ మాక్రోలను ఒక పద్ధతిగా కూర్చారు. అలా పుట్టిన ఎడిటరే ఈమాక్స్. "ఎడిటర్ మాక్రోస్" అన్న మాటల్లోంచే దానికి ఆ పేరు వచ్చింది.

అర్థం తెలియని పనివాడు

పనివాడు దొరికాడు కదా అని సంబరపడి "వరంగల్ కనిపించిన చోటల్లా జనగామ అని మార్చు" అన్నారనుకోండి. ఏం జరుగుతుందో చూడండి.

కొందరు తమ ఊరి పేరు "వరంగల్లు" అని రాసుకుంటారు. ఆ మాట "జనగామలు" అయిపోతుంది! ఎందుకంటారా? మనం "ల్లు" అని ఒకే అక్షరంగా చదువుతాం. కంప్యూటరు లోపల వత్తు అని విడిగా ఏమీ ఉండదు. ల, దాని తరవాత పొల్లు గుర్తు, మళ్లీ ల, ఆ పైన ఉకారం. ఇలా నాలుగు గుర్తులు వరసగా నిలబడి ఉంటాయి. వాటిలో మొదటి రెండూ కలిస్తే "ల్". అంటే "వరంగల్లు" కడుపులో "వరంగల్" పూర్తిగా ఉంది. పనివాడు దాన్ని తీసి "జనగామ" పెట్టాడు. మిగిలిన "లు" బయట వేలాడుతూ ఉండిపోయింది. వాడి తప్పేం లేదు. వాడికి అక్షరాల ఆకారాలే తెలుసు, అర్థాలు తెలియవు.

ఇది నవ్వుకుని సరిచేసుకునే తప్పు. నవ్వు రాని తప్పులు కూడా ఉన్నాయి. పాత వరంగల్ జిల్లాలోని ఊళ్లన్నీ జనగామకు రాలేదు. చేర్యాల, మద్దూరు సిద్దిపేట జిల్లాకు పోయాయి. తొర్రూరు, డోర్నకల్ మహబూబాబాద్ జిల్లాలో చేరాయి. అందుకని "చేర్యాల ఉంటే సిద్దిపేట, తొర్రూరు ఉంటే మహబూబాబాద్" అని మండలానికొక నియమం రాయాలి. సరే, రాశాం. ఇప్పుడు "ఘనపూర్" దగ్గరికి వద్దాం. స్టేషన్ ఘనపూర్ జనగామ జిల్లాలో ఉంది. లింగాల ఘనపూర్ కూడా జనగామే. ములుగు ఘనపూర్ మాత్రం భూపాలపల్లి జిల్లా. రిజిస్టరులో ఎవరో బద్ధకించి ఉత్త "ఘనపూర్" అని రాసి ఊరుకుంటే, పాపం మన పనివాడు ఏం చేస్తాడు?

ఇంకో చిక్కు చూడండి. ఏటూరునాగారం 2016లో వరంగల్ జిల్లా నుంచి జయశంకర్ భూపాలపల్లి జిల్లాకు మారింది. 2019 ఫిబ్రవరిలో ములుగు కొత్త జిల్లా అయింది. ఏటూరునాగారం అందులోకి వెళ్లింది. దీనికి రెండు నియమాలు కావాలి.

ఒకటి: ఏటూరునాగారం పక్కన "వరంగల్" ఉంటే "భూపాలపల్లి" చెయ్యి.
రెండు: ఏటూరునాగారం పక్కన "భూపాలపల్లి" ఉంటే "ములుగు" చెయ్యి.

మొదటి నియమాన్ని ముందు నడిపి, తరవాత రెండోది నడిపితే సరిగ్గా ములుగుకు చేరతాం. తలకిందులుగా నడిపితే భూపాలపల్లి దగ్గరే ఆగిపోతాం. కాబట్టి నియమాలు ఎంత ముఖ్యమో, వాటి వరస కూడా అంతే ముఖ్యం. ఈ బాధ తప్పించుకోవడానికి ఒక ఉపాయం ఉంది. నియమాలన్నిటినీ మళ్లీ మళ్లీ తిప్పుతూ ఉండండి. ఏ నియమమూ ఎక్కడా వర్తించని స్థితి వచ్చినప్పుడు ఆపండి. అప్పుడు ఏది ముందు నడిపినా ఏటూరునాగారం ములుగుకే చేరుతుంది.

నియమాల వరస గురించి మన పూర్వీకులు కూడా తల బద్దలు కొట్టుకున్నారు. మీరు తెలుగు వ్యాకరణంలో "ఆదేశం" అన్న మాట చదివే ఉంటారు. ఒక అక్షరాన్ని తీసేసి ఆ చోట్లో మరొక అక్షరాన్ని కూర్చోబెట్టడమే ఆదేశం. గసడదవాదేశ సంధిలో క, చ, ట, త, ప అనే అక్షరాలు గ, స, డ, ద, వ అవుతాయి. ఇది వెతికి మార్చే నియమం కాక మరేమిటి! పాణిని దాదాపు నాలుగువేల సూత్రాలతో సంస్కృత వ్యాకరణం రాశాడు. ఒకే చోట రెండు సూత్రాలు పోటీ పడితే ఏది గెలవాలో కూడా ఆయన సూత్రంగానే చెప్పాడు. అయితే సంధికి పదం ఏ విభక్తిలో ఉందో తెలియాలి. మన పనివాడికి విభక్తులు రావు. వాడికి తెలిసిందల్లా ఆకారాలే.

గీతలతో లెక్కలు

అర్థాలు తెలియని ఈ పనివాడు లెక్కలు చెయ్యగలడా? చేస్తాడు, చూడండి.

పాలవాడి లెక్క కోసం గోడ మీద గీతలు గీయడం మీరు చూసే ఉంటారు. రోజుకొక గీత. మనమూ అలాగే మూడును ||| అని రాద్దాం. మూడూ నాలుగూ కలపాలంటే ఇలా రాయాలి:

|||+||||

ఇప్పుడు ఒకే ఒక్క నియమం: "+" కనిపిస్తే దాన్ని చెరిపెయ్యి. ఏం మిగిలింది? |||||||. ఏడు! పనివాడికి కూడిక రాదు. అయినా కూడాడు.

తీసివేతకు రెండు నియమాలు కావాలి. మొదటిది: "|-|" కనిపిస్తే దాని బదులు "-" పెట్టు. మొదటి నియమం ఎక్కడా వర్తించనప్పుడే రెండోది: "-" ను చెరిపెయ్యి. ఐదులోంచి రెండు తీసేద్దాం.

|||||-||
||||-|
|||-
|||

మూడు మిగిలింది. సరిగ్గా ఉంది కదా!

ఇక కొంచెం గట్టి లెక్క. కంప్యూటర్లు అంకెలను 0, 1 అనే రెండే గుర్తులతో రాస్తాయని మీకు తెలుసు. కుడి చివర ఉన్న చోటు విలువ 1, దాని ఎడమది 2, దాని ఎడమది 4. కాబట్టి 101 అంటే 4+1, అంటే 5. దీన్ని గీతలుగా మార్చడానికి మూడు నియమాలు చాలు.

ఒకటి: "|0" ఉంటే "0||" చెయ్యి.
రెండు: "1" ఉంటే "0|" చెయ్యి.
మూడు: "0" ఉంటే చెరిపెయ్యి.

ఎప్పుడూ పైనుంచి చూడాలి. మొదటి నియమం వర్తిస్తే అదే వాడాలి. అది వర్తించకపోతేనే రెండోది. రెండూ వర్తించకపోతేనే మూడోది. ఒకే నియమం రెండు చోట్ల వర్తిస్తే ఎడమ వైపుది ముందు. ప్రతి మార్పు తరవాతా మళ్లీ మొదటి నియమం దగ్గరికి రావాలి. పెన్సిలు తీసుకుని నాతో పాటు చెయ్యండి.

101
0|01
00||1
00||0|
00|0|||
000|||||

ఇక మిగిలినవి సున్నాలే. మూడో నియమం వాటిని ఒక్కొక్కటిగా తుడిచేస్తుంది. చివరికి మిగిలేది |||||. ఐదు గీతలు! పనివాడికి రెట్టింపు చెయ్యడం అంటే ఏమిటో తెలియదు. కాని "|0" ను "0||" చేసినప్పుడల్లా ఒక గీత రెండు గీతలైంది. రెట్టింపు ఆ నియమంలోనే దాక్కుని ఉంది.

అకారాది క్రమంలో పేర్చడం కూడా ఇంతే. "ఖక" ఉంటే "కఖ" చెయ్యి, "గక" ఉంటే "కగ" చెయ్యి, "గఖ" ఉంటే "ఖగ" చెయ్యి. ఈ మూడు నియమాలతో "గఖకగక" అన్న వరస ఆరు మార్పుల్లో "కకఖగగ" అయి కూర్చుంటుంది. ఇది తప్పకుండా ఆగుతుందని ముందే చెప్పవచ్చు. ఎలాగంటారా? క్రమం తప్పి ఉన్న అక్షరాల జంటలెన్నో లెక్కపెట్టండి. మొదట ఆరు ఉన్నాయి. ప్రతి మార్పుతోనూ వాటిలో సరిగ్గా ఒకటి తగ్గుతుంది. తగ్గుతూ తగ్గుతూ సున్నా కాక ఎక్కడికి పోతుంది!

పనివాడి బలం ఎంత?

కూడిక అయింది. తీసివేత అయింది. పేర్చడం అయింది. మరి గుణకారం? వర్గమూలం? చంద్రుడి మీదికి పంపే రాకెట్టు దారి లెక్క?

అన్నీ వీలవుతాయి! పెద్ద కంప్యూటరు చెయ్యగల ఏ లెక్కనైనా, వెతికి మార్చే నియమాల పట్టీ ఒకటి రాసి చేయించవచ్చు. ఒకటే షరతు. రాసుకోవడానికి చోటు చాలాలి. కాలం కూడా చాలా పట్టవచ్చు. కాని "ఈ లెక్క దీనికి రాదు, ఆ కంప్యూటరుకు వస్తుంది" అనే మాట మాత్రం ఉండదు.

ఈ సంగతి ఎడిటర్లు పుట్టడానికి ముందే గణితవేత్తలకు తెలుసు. ఆక్సెల్ థూ అనే నార్వే గణితవేత్త 1914లో ఒక ప్రశ్న వేశాడు. కొన్ని మార్పు నియమాలు ఇస్తాం. వాటిని రెండు వైపులా వాడుకోవచ్చు. అప్పుడు ఒక అక్షరాల వరస నుంచి మరొక వరసకు చేరగలమో లేదో తేల్చే పద్ధతి ఉందా అని. అమెరికాలో ఎమిల్ పోస్ట్ 1920-21లోనే ఇలాంటి అక్షరాల ఆటలు కనిపెట్టి, వాటిలో చిక్కుకుపోయాడు. ఇంగ్లండులో ఆలన్ ట్యూరింగ్ 1936లో ఒక ఊహాయంత్రాన్ని వర్ణించాడు. పొడవాటి రీలు, దాని మీద గడులు, గడిలోని గుర్తును చూసి మార్చే ముల్లు. అంతే యంత్రం. లెక్క అనదగ్గ దేన్నయినా ఆ యంత్రం చెయ్యగలదని ఆయన వాదించాడు. సోవియట్ గణితవేత్త ఆంద్రేయ్ మార్కోవ్ 1950లలో వెతికి మార్చే నియమాల పట్టీల మీద ఒక పెద్ద గ్రంథమే రాశాడు. పైన నియమాలను వరసలో చూడాలని, ఎడమవైపుది ముందని చెప్పుకున్నాం కదా, అది ఆయన పద్ధతే. ట్యూరింగ్ యంత్రానికి ఎంత శక్తి ఉందో ఈ పట్టీలకూ సరిగ్గా అంతే శక్తి ఉంది.

ఆ ట్యూరింగ్ పేరు మీద కంప్యూటరు శాస్త్రంలో ఏటా గొప్ప బహుమతి ఇస్తారు. 1994లో దాన్ని ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి అందుకున్న రాజ్ రెడ్డి గారు మన తెలుగువారే. అప్పటి చిత్తూరు జిల్లాలోని కాటూరు ఆయన సొంత ఊరు.

ఆగుతుందా, ఆగదా?

ఇంత బలం ఊరికే రాదు. దానికొక మూల్యం ఉంది.

మన రిజిస్టరు దగ్గరికే వద్దాం. "జనగామ" అని ఉన్న చోటల్లా "జనగామ జిల్లా" అని ఉంటే బాగుంటుందనిపించింది. "జనగామ కనిపిస్తే జనగామ జిల్లా చెయ్యి, మళ్లీ మొదలుపెట్టు" అని మాక్రో రాశారు. పనివాడు మొదటి వరస మార్చాడు. మళ్లీ మొదటి నుంచి వెతికాడు. "జనగామ" అక్కడే ఉంది! కనక మళ్లీ మార్చాడు. జనగామ జిల్లా జిల్లా. మళ్లీ వెతికాడు. జనగామ జిల్లా జిల్లా జిల్లా... ఇక వాడికి నిద్రా లేదు, తిండీ లేదు. కంప్యూటరులో చోటు నిండిపోయేదాకా కొడుతూనే ఉంటాడు.

"ఇంత తేలికైన తప్పు మేము ముందే కనిపెట్టేవాళ్లం" అంటారేమో. సరే, ఇంకొకటి ఇస్తాను. ఇది పోస్ట్ కనిపెట్టిన ఆటల జాతికి చెందినదే. మూడే అక్షరాలు: అ, ఇ, ఉ. వరసలో మొదటి అక్షరం ఏమిటో చూడండి. తరవాత మొదటి రెండు అక్షరాలను చెరిపెయ్యండి. చూసిన అక్షరాన్ని బట్టి వరస చివర ఇలా చేర్చండి.

అ అయితే చివర "ఇఉ" చేర్చు.
ఇ అయితే చివర "అ" చేర్చు.
ఉ అయితే చివర "అఅఅ" చేర్చు.

వరసలో ఒకే అక్షరం మిగిలితే ఆపెయ్యండి. మాక్రోకు ఇది చిటికెలో పని. మొదటికి వెళ్లడం, రెండు చెరపడం, చివరికి వెళ్లి కొట్టడం. మూడు అ లతో మొదలుపెడదాం.

అఅఅ
అఇఉ
ఉఇఉ
ఉఅఅఅ
అఅఅఅఅ

మూడు అ లు ఐదు అయ్యాయి. ఇంకా కొనసాగిస్తే ఐదు కాస్తా ఎనిమిది అవుతాయి. తరవాత నాలుగు, తరవాత రెండు, తరవాత ఒకటి. ఆట ఆగింది.

ఇక్కడ ఏం జరుగుతోందో కనిపెట్టారా? సరిసంఖ్య అయితే సగం చేస్తోంది. బేసిసంఖ్య అయితే మూడు రెట్లు చేసి, ఒకటి కలిపి, సగం చేస్తోంది. ఈ సంఖ్యల ఆటను జర్మనీకి చెందిన లోథార్ కొలాట్జ్ 1930లలో ఆలోచించాడంటారు. 3, 5, 8, 4, 2, 1. ఏ సంఖ్యతో మొదలుపెట్టినా చివరికి ఒకటికే వస్తుందా? 27 అ లతో మొదలుపెడితే వరస ఉబ్బి ఉబ్బి ఒక దశలో 4616 అ లు అవుతుంది. "ఇక ఇది ఆగదురా బాబూ" అనిపిస్తుంది. ఆ తరవాత తగ్గుతూ వచ్చి చివరికి ఒకటి దగ్గర ఆగుతుంది. 2020 నాటికే కంప్యూటర్లతో 2ను 68 సార్లు వేసి గుణిస్తే వచ్చే సంఖ్య దాకా, అంటే 21 అంకెల సంఖ్య దాకా, పరీక్షించి చూశారు. అన్నీ ఆగాయి. మరి అన్ని సంఖ్యలకూ ఆగుతుందా? ఈ ప్రశ్నకు జవాబును ఇంతవరకు ఎవరూ నిరూపించలేదు. మూడంటే మూడు నియమాలు! మీరు ఐదు నిమిషాల్లో రాయగల మాక్రో!

క, ఖ, గ లను పేర్చే ఆటలో ప్రతి మెట్టులోనూ తగ్గే సంఖ్య ఒకటి దొరికింది. ఇక్కడ అలాంటిది దొరకడం లేదు. తేడా అంతా అందులోనే ఉంది.

జోస్యుడూ మొండివాడూ

"ఇప్పటికి దొరకలేదు సరే. ఏ నియమాల పట్టీని ఇచ్చినా చూసి 'ఇది ఆగుతుంది' లేదా 'ఆగదు' అని తప్పు లేకుండా చెప్పే ఒక గొప్ప మాక్రో ఎప్పటికైనా రాయవచ్చుగా?" అని మీరు అడగవచ్చు. రాయలేమని ట్యూరింగ్ 1936లోనే తేల్చాడు. ఎలా తేల్చాడో చూద్దాం. ఇది పొడుపుకథలా ఉంటుంది, నెమ్మదిగా చదవండి.

అలాంటి మాక్రో ఉందనే అనుకుందాం. దానికి జోస్యుడు అని పేరు పెడదాం. ఒక సంగతి మరవకండి. మాక్రో కూడా అక్షరాల వరసే. కాబట్టి ఒక మాక్రోను ఇంకొక మాక్రో చదవడానికి ఇవ్వవచ్చు. ఇప్పుడు జోస్యుడిని లోపల పెట్టుకుని మనం ఇంకొక మాక్రో రాద్దాం. దాని పేరు మొండివాడు. మొండివాడికి ఏదైనా మాక్రోను ఇస్తే, ముందు జోస్యుడిని అడుగుతాడు: "ఈ మాక్రోకు దాని సొంత అక్షరాలనే తినిపిస్తే ఆగుతుందా?" జోస్యుడు "ఆగుతుంది" అంటే, మొండివాడు జనగామ జిల్లా జిల్లా జిల్లా అంటూ ఎప్పటికీ ఆగకుండా తిరుగుతాడు. జోస్యుడు "ఆగదు" అంటే, మొండివాడు వెంటనే ఆగిపోతాడు.

ఇక మొండివాడికి మొండివాడినే ఇవ్వండి! వాడు ఆగుతాడని జోస్యుడు చెబితే వాడు ఆగడు. ఆగడని చెబితే ఆగుతాడు. ఎటు చెప్పినా జోస్యుడి మాట అబద్ధమే అవుతుంది. అంటే తప్పు చెప్పని జోస్యుడు ఉండటమే అసాధ్యం.

థూ వేసిన ప్రశ్నకూ ఇదే గతి పట్టింది. అలా తేల్చే పద్ధతి ఏదీ ఉండదని 1947లో పోస్ట్, మార్కోవ్ ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే వేరువేరుగా నిరూపించారు. అ, ఇ, ఉ లాంటి ఆటల జాతికి కూడా ఏ కంప్యూటరు లెక్కనైనా చెయ్యగల బలం ఉందని మార్విన్ మిన్‌స్కీ 1961లో చూపించాడు.

చూశారా! పనివాడికి బలం తక్కువగా ఉంటే వాడు ఏం చేస్తాడో ముందే చెప్పగలం. "మళ్లీ మొదలుపెట్టు" అన్న ఒక్క మీటతో వాడికి అంత బలం ఇచ్చాం. ఆ మీటతోనే వాడి గురించి అన్నీ ముందే తెలుసుకునే అవకాశం మన చెయ్యి జారిపోయింది. రెండూ ఒకే మీటలో ఉన్నాయి.

మళ్లీ తరిగొప్పులకు

ఇంతకీ హెడ్మాస్టరు గారి రిజిస్టరు అలాగే ఉండిపోయింది. దాని సంగతి చూద్దాం.

మాక్రోను నడపడానికి ముందు రిజిస్టరుకు ఒక నకలు తీసి పక్కన పెట్టండి. మొదట పది వరసల మీద నడిపి, ఆ పదీ కళ్లతో చదవండి. మార్చి పెట్టే మాటలో వెతికే మాట దాక్కుని ఉందేమో చూడండి. ఉంటే, "జనగామ జిల్లా జిల్లా" కథ అవుతుంది. పని అయ్యాక వరసలు మునుపటి లెక్కకు సరిపోయాయో లేదో చూసుకోండి. ఉత్త "ఘనపూర్" అని ఉన్న వరసలను మాక్రోకు వదలకండి. వాటిని విడిగా తీసి, ఆ పిల్లల ఇళ్లవాళ్లను అడగండి.

ఇంకొక ప్రశ్న ఉంది. దీనికి ఏ మాక్రో కూడా జవాబు చెప్పలేదు. 2014లో తరిగొప్పులలో చదివిన అమ్మాయి ఏ జిల్లాలో చదివినట్టు? అప్పుడది వరంగల్ జిల్లా. ఇప్పుడు అదే ఊరు జనగామ జిల్లా. పాత సర్టిఫికెట్టు అచ్చు నకలు అడిగితే పాత పేరే ఉండాలి. ఇప్పటి చిరునామా అడిగితే కొత్త పేరు రాయాలి. ఏ కాగితం దేనికోసమో తెలిసిన మనిషే ఆ సంగతి తేల్చాలి. ఉద్యోగాల్లో స్థానికత చూసేటప్పుడు చదువుకున్న జిల్లా లెక్కకు వస్తుంది. కాబట్టి ఒక వరసలో పడిన తప్పు ఒక మనిషి బతుకులో చిక్కుముడి కావచ్చు. మన పనివాడికి అలుపు లేదు, బలానికి కొదవ లేదు. కాని ఆ వరస వెనక ఒక అమ్మాయి ఉందని వాడికి తెలియదు. మీకు తెలుసు.

మీరూ చేసి చూడండి

1. గీతల నియమాలు మూడింటితో 110 ని గీతలుగా మార్చండి.
2. గీతల వరస ఇస్తే, అది సరిసంఖ్యో బేసిసంఖ్యో చెప్పే ఒకే ఒక్క నియమం రాయండి.
3. ఏడు అ లతో మొదలుపెడితే, అన్నీ అ లే ఉండే వరసల్లో ఎన్నెన్ని అ లు వస్తాయో కనుక్కోండి.

జవాబులు: 1. ఆరు గీతలు. 2. "||" ఉంటే చెరిపెయ్యి. చివరికి ఒక గీత మిగిలితే బేసి, ఏమీ మిగలకపోతే సరి. 3. 7, 11, 17, 26, 13, 20, 10, 5, 8, 4, 2, 1.